నేల విలువలో నగరానికి వాటా ఎంత?
ఫ్రాంక్‌ఫర్ట్ మేయర్ ఫ్రాంజ్ ఆడికెస్ పాలనపై స్మారకోపన్యాస పాఠం



నగరపాలన మీద స్మారకోపన్యాసానికి నూరేళ్ళ కిందట కన్నుమూసిన జర్మన్ మేయర్‌ను ఎంచుకోవడానికి కారణం ముందే చెప్పడం న్యాయం. ఫ్రాంజ్ ఆడికెస్ 1891 నుంచి 1912 దాకా ఫ్రాంక్‌ఫర్ట్ మేయర్‌గా పనిచేశారు. ఆయన వచ్చేనాటికి ఆ ఊరి జనాభా సుమారు 1,80,000. 1910 లెక్కల నాటికి అది 4,14,000 దాటింది. ఆ కాలంలో అలా ఉబ్బిన నగరాలు యూరప్‌లో చాలానే ఉన్నాయి. పెరుగుదల వల్ల విలువ పెరిగిన నేలలో ఎవరి వాటా ఎంత అన్న ప్రశ్నను చట్టం దాకా నడిపించి, అమలులో పెట్టి చూపినవారు మాత్రం తక్కువ. ఊరు పెరిగితే లాభపడే స్థలం యజమాని ఆ పెరుగుదల భారంలో పాలు పంచుకోవాలన్న మాట ఆడికెస్ కన్నా ముందు చాలామంది అన్నదే. ఆ పాలు ఎంతకు మించకూడదో నగరపాలక సంస్థకు కూడా అదే చట్టంలో గీత గీయించడం ఆయన చేసిన అసలు పని. గీత రెండు వైపులా ఉండబట్టే ఆ పద్ధతి నిలబడిందని, ఖండాలు దాటిందని, అది చెదిరిన చోట చెదరడానికి కారణం కూడా అక్కడే వెతకాలని నా వాదన.

ఆడికెస్ 1846 ఫిబ్రవరి 19న హానోవర్ రాజ్యంలోని హార్సెఫెల్డ్‌లో పుట్టారు. న్యాయశాస్త్రం చదివారు. ఆయన ఇరవయ్యో ఏట ప్రష్యా హానోవర్‌ను కలుపుకొంది. 1873లో డోర్ట్‌మండ్‌లో ఉపమేయర్ అయ్యారు, 1877లో హాంబర్గ్ పక్కనున్న ఆల్టోనాకు వెళ్ళారు, 1883లో అక్కడే మేయర్ అయ్యారు, 1891లో ఫ్రాంక్‌ఫర్ట్ చేరారు. ఊరు మారుతూ పదవి పెరగడం మనకు వింతగా తోస్తుంది గాని ఆనాటి జర్మనీలో అది మామూలే. 1808లో ప్రష్యాలో మంత్రి స్టైన్ తెచ్చిన పురపాలక సంస్కరణ తరువాత, మేయర్ అంటే న్యాయశాస్త్రం చదివి, జీతం తీసుకుని, పాలననే వృత్తిగా చేసుకున్న మనిషి అన్న సంప్రదాయం క్రమంగా స్థిరపడింది. ఎన్నికైన నగరసభ అతన్ని పన్నెండేళ్ళకు ఎంచుకునేది, రాజు ఆమోదించేవాడు. ఓటర్ల దగ్గరికి నేరుగా వెళ్ళవలసిన పని అతనికి లేదు. ఈ ఏర్పాటులోని బలమూ లోపమూ రెండూ ఆడికెస్ కథలో కనిపిస్తాయి. పదేళ్ళు పట్టే పనిని మొదలుపెట్టే తీరిక అతనికి దొరికింది. ఆ పని ఎవరికోసమో అడిగే హక్కు మాత్రం ఊళ్ళో చాలామందికి దొరకలేదు.

ఫ్రాంక్‌ఫర్ట్ 1866 దాకా స్వతంత్ర నగరం. సంతలకు, బ్యాంకులకు పేరుపడిన ఊరు. ప్రష్యా దాన్ని కూడా ఆ ఏడాదే మింగేసింది. ఆడికెస్‌కు ముందు 1880 నుంచి 1890 దాకా మేయర్‌గా ఉన్న యోహానెస్ మికెల్ చిన్నవాడు కాడు. యవ్వనంలో కార్ల్ మార్క్స్‌తో ఉత్తరాలు నడిపి, తరువాత ఉదారవాద రాజకీయాల్లో స్థిరపడి, చివరికి ప్రష్యా ఆర్థికమంత్రి అయ్యారు. ఆయన కాలంలోనే మైన్ నదిని పెద్ద పడవలకు అనువుగా మలిచారు, 1888లో పెద్ద రైల్వే స్టేషన్ తెరుచుకుంది. నది, రైలు వచ్చాక ఫ్యాక్టరీలు వచ్చాయి. వాటి వెంట కూలీలు వచ్చారు. వాళ్ళు ఉండేందుకు ఇళ్ళు కావాలి, ఇళ్ళకు స్థలాలు కావాలి. ఆడికెస్ చేతికి వచ్చింది ఈ పరిస్థితి.

చిక్కు స్థలాల ఆకారంలో ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల తరతరాలుగా ఆస్తిని పిల్లలందరికీ సమంగా పంచే ఆచారం ఉంది. అన్నదమ్ముల పంపకాలతో పొలాలు సన్నని పట్టీలుగా మారడం తెలుగు పల్లెల్లో ఉన్నవారికి వివరించనక్కరలేదు. నాగలికి సరిపోయే పట్టీ ఇంటికి సరిపోదు. రోడ్డు వేయాలంటే అది పాతిక మంది పట్టీల మీదుగా పోవాలి. ఇరవై నలుగురు ఒప్పుకుని ఒకడు మొరాయిస్తే రోడ్డు అక్కడే ఆగుతుంది. మొరాయించిన కొద్దీ వాడి స్థలం ధర పెరుగుతుంది. 1875 నాటి ప్రష్యా చట్టం నగరాలకు రోడ్డు హద్దులు నిర్ణయించే అధికారం, రోడ్డు ఖర్చులో కొంత పక్క స్థలాల వారి నుంచి రాబట్టే అధికారం ఇచ్చింది. కాని గీసిన హద్దుకు అటూ ఇటూ మిగిలిన తునకలను ఏం చేయాలో అది చెప్పలేదు. రోడ్డు గీసి నేలను దాని మానాన వదిలేస్తే ఏమవుతుందో బెర్లిన్ అప్పటికే చూపించింది. 1862 నాటి విస్తరణ ప్రణాళికలో అక్కడ పెద్ద పెద్ద బ్లాకులు గీశారు. 1853 నాటి భవన నిబంధన ప్రకారం లోపలి వాకిలి 5.34 మీటర్లుంటే చాలు, అంటే అగ్నిమాపక బండి తిరిగేటంత. ఆ మేరకే వదిలి, వాకిలి వెనుక వాకిలిగా అద్దె కొట్టాలు లేచాయి. రోడ్డు వెడల్పు ప్రభుత్వం నిర్ణయించింది, గదిలోకి వెలుతురు ఎంత రావాలో స్థలం ధర నిర్ణయించింది.

ఆడికెస్ మొదటి జవాబు 1891 నాటి భవన నిబంధన. ఆల్టోనాలో 1884లో చిన్నగా ప్రయత్నించిన ఆలోచనను ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఊరంతటికీ విస్తరించారు. లోపలి నగరానికి ఒక కొలత, బయటి విస్తరణకు ఇంకో కొలత. బయటి భాగంలో కూడా నివాసాల పేటలు, ఫ్యాక్టరీల పేటలు, రెండూ కలిసినవి అని విభజన. కేంద్రం నుంచి దూరం పోయేకొద్దీ ఇంటి ఎత్తు తగ్గాలి, ఖాళీ వదిలే స్థలం పెరగాలి. మాస్టర్ ప్లాన్ మీద రంగురంగుల జోన్లు చూసి పెరిగిన మనకు ఇది సాధారణంగా అనిపించవచ్చు. ఆ రోజుల్లో ఇందులోని సాహసం నేల ధరకు సంబంధించింది. శివారు పొలంలో కూడా రేపు నాలుగంతస్తులు కట్టవచ్చన్న ఆశ ఉంటే, ఆ ఆశే ఇవాళ్టి ధరలో చేరుతుంది. రెండంతస్తులకు మించి కట్టకూడదని ముందే తెలిస్తే ధర అంత ఎగరదు. భవనం కట్టకముందే, నేల చేతులు మారకముందే నిబంధన ఉండాలన్నది ఆడికెస్ పట్టుదల. ధర పెరిగాక తెచ్చిన నిబంధన యజమానికి నష్టంలా కనిపిస్తుంది, కోర్టుకు దారి తీస్తుంది. ముందే తెస్తే అది అందరికీ తెలిసిన ఆట నియమం.

నిబంధన ఒక్కటే చాలదు. సన్నని పట్టీల చిక్కు విప్పాలంటే నేలనే మళ్ళీ పంచాలి. అందుకోసం ఆయన 1893లో ప్రష్యా ఎగువ సభలో ఒక బిల్లు పెట్టించారు. ఆ సభలో ఆయనా సభ్యుడే. ఆస్తి హక్కుకు ఇది గొడ్డలిపెట్టని భయపడిన వారి వల్ల అది చట్టం కాలేదు. తొమ్మిదేళ్ళ తరువాత, 1902 జూలై 28న, ఆశ బాగా కుదించుకుని ఒక్క ఫ్రాంక్‌ఫర్ట్‌కే వర్తించేలా చట్టం వచ్చింది. లెక్స్ ఆడికెస్, అంటే ఆడికెస్ చట్టం, అని లోకం పిలిచింది దాన్నే. రాజ్యమంతటికీ కోరి ఒక్క ఊరికి సరిపెట్టుకోవడం ఓటమి కాదా అని అడగవచ్చు. ఒక ఊళ్ళో పనిచేసి చూపితే మిగతావి వాటంతటవే అడుగుతాయని ఆయన లెక్క. ఆ లెక్క తప్పలేదు. ప్రష్యాలో మరికొన్ని నగరాలు అదే చట్టం కోరి తెచ్చుకున్నాయి. 1918 నాటి గృహనిర్మాణ చట్టం ఆ పద్ధతిని రాజ్యమంతటా అందుబాటులోకి తెచ్చింది.

చట్టం పనిచేసే తీరు సూటిగా ఉంటుంది. ఒక ప్రాంతంలోని పట్టీలన్నీ ఒక ముద్దగా కలుపుతారు. రోడ్లకు, కూడళ్ళకు, పార్కులకు కావలసింది అందులోంచి తీస్తారు. మిగిలినదాన్ని, ఎవరు ఎంత తెచ్చారో ఆ నిష్పత్తిలో, ఇల్లు కట్టడానికి అనువైన ఆకారంలో, వీలైనంతవరకు వారి పాత చోటికి దగ్గరలోనే తిరిగి ఇస్తారు. పని మొదలుపెట్టమని నగరమైనా అడగవచ్చు, యజమానులైనా అడగవచ్చు. యజమానులు అడిగితే వారిలో సగానికి పైగా ఉండాలి, ఆ ప్రాంతపు విస్తీర్ణంలో సగానికి పైగా వారి చేతిలో ఉండాలి. తల లెక్క ఒక్కటే ఉంటే చిన్నవాళ్ళు గుంపు కట్టి పెద్ద యజమానిని నొక్కుతారు. విస్తీర్ణం ఒక్కటే చూస్తే ఒక్క పెద్ద యజమాని ఊరందరి తరఫునా నిర్ణయిస్తాడు. ఇక ఉచితంగా తీసుకోగల వాటాకు చట్టం పైకప్పు వేసింది. 1907లో దాన్ని సవరించాక కూడా అది 40 శాతం దాటలేదు. అంతకు మించి కావాలంటే నగరం డబ్బు చెల్లించాలి. నా వాదనకు ఆధారమైన గీత ఇదే. మొండి యజమానికి కాదనే హక్కు లేకుండా చేసిన చట్టమే, మొండి నగరపాలక సంస్థకూ ఆశకు హద్దు పెట్టింది.

మూడో పనిముట్టు పన్ను. స్థలం చేతులు మారినప్పుడు కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య పెరుగుదలలో కొంత నగరానికి చెందాలని ఫ్రాంక్‌ఫర్ట్ 1904లో నిర్ణయించింది. జర్మనీ గడ్డ మీద ఆ పన్నును తొలిసారి వేసిన పెద్ద నగరం అదే. 1905లో కొలోన్ ఆ దారి పట్టింది, 1911లో సామ్రాజ్యమంతటికీ చట్టమైంది. నగరాలకు సొంత పన్నుల మీద ఇంత వెసులుబాటు ఇచ్చింది 1893 నాటి స్థానిక పన్నుల చట్టం. దాన్ని తెచ్చిన ఆర్థికమంత్రి పాత మేయర్ మికెల్. భవన నిబంధన, నేల పునఃపంపిణీ, ధర పెరుగుదల మీద పన్ను అన్న మూడింటినీ వేర్వేరు పథకాలుగా చదివితే ఆడికెస్ ఒక చురుకైన అధికారిగా మాత్రమే కనిపిస్తారు. మూడూ ఒకే సూత్రానికి మూడు కొసలు. యజమాని నిద్రపోతున్నా నేల విలువ పెరిగితే, ఆ పెరుగుదలను తెచ్చింది రోడ్డు, రైలు, రేవు, ఊరి జనం. కనుక అందులో కొంత ఊరికి చెందుతుంది. కొంత మాత్రమే చెందుతుంది.

ఇది ఆస్తి హక్కును కాలరాయడమే అన్నది ఆయన బతికుండగానే వినిపించిన మొదటి అభ్యంతరం. దానికి గట్టి జవాబే ఉంది. ప్రభుత్వం నేలను బలవంతంగా కొంటే యజమాని డబ్బు పుచ్చుకుని వెళ్ళిపోతాడు, పెరిగే విలువంతా ఇతరుల పాలు. పునఃపంపిణీలో అతను అక్కడే ఉంటాడు. నేల చిన్నదవుతుంది, దాని విలువ మాత్రం ఎక్కువవుతుంది. రోడ్డు లేని పట్టీకి బదులు రోడ్డు ముఖం ఉన్న ప్లాటు వస్తుంది. ఆడికెస్ సోషలిస్టు కాదు, ఆస్తిని గౌరవించే ఉదారవాద సంప్రదాయం వాడు. ఎదురు తిరిగిన ఒక్కడు మిగతా అందరి ఆస్తినీ పనికిరాకుండా చేయగలిగినప్పుడు, అది ఆస్తి హక్కు అనిపించుకోదని ఆయన పద్ధతి చెబుతుంది.

రెండో అభ్యంతరం బరువైనది. ఇన్ని నిబంధనలు పెడితే ఇళ్ళు తక్కువ కట్టబడతాయి, అద్దెలు పెరుగుతాయి, పేదవాడే నష్టపోతాడు అన్నది. ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే ఆచార్యుడుగా ఉన్న ఆర్థికవేత్త ఆండ్రియాస్ ఫోక్ట్ 1905లో ఈ వాదాన్ని ఒక పుస్తకంగా తెచ్చారు. నేల ధర ఎక్కువైనప్పుడు దాని మీద ఎక్కువ అంతస్తులు కడితేనే గది చవకవుతుందని ఆయన లెక్క. ఎదురు పక్షాన మరో ఆర్థికవేత్త రూడోల్ఫ్ ఎబర్‌స్టాట్ ఉన్నారు. ఎక్కువ అంతస్తులకు అనుమతి ఉండడమే నేల ధరను ఎగదోస్తుందని ఆయన అన్నారు. నాకు ఇద్దరిలోనూ కొంత నిజం కనిపిస్తుంది. స్థలాలు సరిపడా మార్కెట్లోకి వస్తున్నప్పుడు ఎబర్‌స్టాట్ గెలుస్తారు, స్థలాలు బిగిసినప్పుడు ఫోక్ట్ గెలుస్తారు. అందుకే ఆడికెస్ పద్ధతిలో భవన నిబంధన ఒంటరిగా నిలవదు. ఎత్తును తగ్గించిన చేయి, పునఃపంపిణీతో కొత్త ప్లాట్లను విడుదల చేయాలి. పొరుగు ఊళ్ళను కలుపుకోవాలి. 1895లో బోకెన్‌హైమ్, 1900లో మరో మూడు, 1910లో ఒకేసారి పదకొండు గ్రామాలు ఫ్రాంక్‌ఫర్ట్‌లో కలిశాయి. నగరం సొంతంగా భూములు కొని, గృహనిర్మాణ సంఘాలకు దీర్ఘకాలపు లీజుకు ఇచ్చింది. అయినా కూలీ కుటుంబాలకు అద్దె భారం తీరిందని ఎవరూ అనలేరు. జోన్లను మాత్రం అరువు తెచ్చుకుని మిగతా పనిముట్లను వదిలేసిన నగరాలకు ఫోక్ట్ హెచ్చరిక పూర్తిగా వర్తిస్తుంది.

మూడోది ప్రజాస్వామ్యం పేరిట వచ్చే అభ్యంతరం. ఇక్కడ ఆడికెస్‌ను సమర్థించే పని నేను పెట్టుకోను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ప్రష్యాలోని మిగతా చోట్ల ఉన్న మూడు తరగతుల ఓటు లేదు గాని, కనీస ఆదాయమో ఆస్తో ఉంటేనే ఓటు. స్త్రీలకు లేనే లేదు. శతాబ్దం మారే దాకా సోషల్ డెమోక్రాట్లు నగరసభలో అడుగుపెట్టలేకపోయారు. నేల గురించి నగరం, యజమాని బేరమాడుకున్న గదిలో అద్దెకున్నవాడికి కుర్చీ లేదు. పాలకుడు నిపుణుడు, నిజాయితీపరుడు అయితే చాలదా అంటే చాలదనే ఫ్రాంక్‌ఫర్ట్ చెబుతుంది. ఎందుకంటే ఆడికెస్ గీసిన గీతలు ఇద్దరి మధ్యే ఉన్నాయి. గదిలో లేనివాడికి ఏ గీతా లేదు. అయితే ఓటు లేని కాలంలో పుట్టినందువల్ల ఆ పద్ధతే ప్రజాస్వామ్యానికి పనికిరాదనడం పొరపాటు. వైమార్ గణతంత్రంలో, అందరికీ ఓటు వచ్చాక, 1925 నుంచి 1930 దాకా వాస్తుశిల్పి ఎర్న్‌స్ట్ మే ఆధ్వర్యంలో ఫ్రాంక్‌ఫర్ట్ వేల సంఖ్యలో చిన్న కుటుంబాలకు ఇళ్ళు కట్టింది. అప్పటికి నగరం పరిధి పెద్దది, చేతిలో భూములున్నాయి, నేలను పునఃపంపిణీ చేసే చట్టం ఉంది. ఓటు వచ్చినప్పుడు వాడుకోవడానికి పనిముట్లు సిద్ధంగా ఉన్నాయి.

ఇంత ఘనత ఒక్కడికే ఇవ్వడం చరిత్రకు అన్యాయం కాదా అన్నది చివరి అభ్యంతరం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో డబ్బున్న పౌరులు, అందులో యూదు కుటుంబాలు ఎక్కువగా, ఊరి కోసం ధారాళంగా ఇచ్చారు. లోహ వ్యాపారి విల్హెల్మ్ మెర్టన్ పూనికతో 1901లో సామాజిక, వాణిజ్య శాస్త్రాల అకాడమీ వచ్చింది. 1914లో పౌరుల విరాళాల మీద విశ్వవిద్యాలయం తెరుచుకుంది. వైద్య శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ 1899లో తన పరిశోధనా సంస్థతో ఈ ఊరికి వచ్చారు. వీటి వెనుక ఆడికెస్ ఒత్తిడి, ఒప్పించే ఓర్పు ఉన్నాయి గాని డబ్బు ఆయనది కాదు. ఒప్పుకుంటాను. కాని దాతలు ఎంత గొప్పవారైనా పట్టీలుగా చీలిన నేలను విరాళంతో కలపలేరు. దానికి చట్టం కావాలి. ఆ చట్టాన్ని తొమ్మిదేళ్ళు వదలకుండా పట్టుకున్న మనిషి కావాలి. 1912లో మైన్ నది మీది తూర్పు రేవు ప్రారంభమైన ఏడాదే ఆయన పదవి దిగారు, 1915 ఫిబ్రవరి 4న ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే కన్నుమూశారు.

ఆయన పద్ధతి ఆయనను దాటి నడిచింది. జపాన్ 1919 నాటి నగర ప్రణాళికా చట్టంలో పునఃపంపిణీకి చోటిచ్చింది, 1923 భూకంపం తరువాత టోక్యోను దాంతోనే తిరిగి అమర్చుకుంది. ఇప్పటి జర్మన్ చట్టంలోనూ అది సజీవంగా ఉంది. మన దేశానికి అది 1915 నాటి బొంబాయి పట్టణ ప్రణాళికా చట్టంతో వచ్చింది. గుజరాత్, మహారాష్ట్రల్లో నేటికీ నడిచే టౌన్ ప్లానింగ్ పథకాలకు వేరు అక్కడుంది. స్థలాలన్నీ కలిపి, రోడ్లు తీసి, తిరిగి పంచే అదే ఆలోచన 2015లో అమరావతికి వచ్చింది. రాజధాని కోసం ల్యాండ్ పూలింగ్ కింద రైతులు 33,000 ఎకరాలకు పైగా అప్పగించారు. మెట్ట ఎకరానికి 1,000 గజాల నివాస ప్లాటు, 250 గజాల వాణిజ్య ప్లాటు, నీటి వసతి గల జరీబు ఎకరానికి 1,000, 450 గజాలు తిరిగి ఇస్తామన్నారు. ఎకరం అంటే 4,840 గజాలు కనుక తిరిగి వచ్చేది నాలుగో వంతుకు కొంచెం పైన, మూడో వంతుకు లోపల. ఫ్రాంక్‌ఫర్ట్ చట్టం సగానికి పైగా యజమాని చేతిలో ఉంచింది. ఇది ఏది మంచిదో తేల్చే తూకం కాదు. అక్కడ అప్పటికే ఇళ్ళకు గిరాకీ ఉన్న ఊరి అంచు, ఇక్కడ నగరమే లేని పొలం. అక్కడ విలువ ఎదురుగా నిలబడి ఉంది, ఇక్కడ విలువ రాబోయే రాజధాని మీద పెట్టిన నమ్మకం. 2019 తరువాత ప్రభుత్వ విధానం మారి రాజధాని పనులు నిలిచినప్పుడు ఆ నమ్మకం ఏమైందో తెలుగువారందరికీ తెలుసు. తిరిగిచ్చే వాటా తక్కువైన కొద్దీ, ఇచ్చినవాడి భద్రత పూర్తిగా ప్రభుత్వపు మాట నిలకడ మీద ఆధారపడుతుంది. ఆడికెస్ చట్టంలో పైకప్పు విలువ ఇక్కడ తెలుస్తుంది. మేయర్ మారినా, ప్రభుత్వం మారినా యజమాని చేతిలో మిగిలేది ఎంతో చట్టమే చెప్పింది.

అయితే అమరావతి ఒక విషయంలో ఫ్రాంక్‌ఫర్ట్ కన్నా ముందడుగు వేసింది. భూమి లేని కూలీ కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను పదేళ్ళపాటు ఇస్తామని పథకంలోనే రాశారు. నేల చేతులు మారితే నేల లేనివాడు కూడా నష్టపోతాడని గుర్తించడం చిన్న సంగతి కాదు. కాని పింఛను సాయం మాత్రమే, వాటా కాదు. పొలంలో చెమటోడ్చినవాడికి, బస్తీలో అద్దెకున్నవాడికి, పెరిగిన నేల విలువలో ఇంత అని లెక్క కట్టి ఇచ్చే చట్టం ఇంకా ఎక్కడా స్థిరపడలేదు. ఆడికెస్ నుంచి మనం తీసుకోవలసింది ఆయన జోన్ల పటం కాదు, నలభై శాతం అన్న అంకె కూడా కాదు. నేల విలువ పంపకంలో ప్రతి పక్షానికీ, ముఖ్యంగా ప్రభుత్వానికి, ముందే రాసిన హద్దు ఉండాలన్న క్రమశిక్షణ. ఆయన ఇద్దరికి గీసిన హద్దును ముగ్గురికి గీయడం ఓటు హక్కు ఉన్న కాలంలో బతుకుతున్న మన బాధ్యత. రేపు మన నగరాల్లో ఏ ల్యాండ్ పూలింగ్ ముసాయిదా వచ్చినా దాన్ని మూడు ప్రశ్నలతో చదవండి. యజమాని ఎంత ఇస్తాడు? ప్రభుత్వం ఎంతకు మించి తీసుకోలేదు? నేల లేనివాడి పేరున ఎంత రాసి ఉంది? మూడో ప్రశ్నకు జవాబు లేని ముసాయిదాను వెనక్కి పంపమని అడిగే అధికారం 1902లో ఫ్రాంక్‌ఫర్ట్ కూలీకి లేదు. మనకు ఉంది.